అగుపడ్తన్ననా

యాదవ్వను కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టాలి. వెలుతురు ఆమె కళ్ళలో పడాలి, నేను వెలుతురుకు వీపు పెట్టుకోవాలి, నా కుడిచెయ్యి గోడ పక్క నీడలో ఉండాలి, అంతే లెక్క. ఇరవై ఏళ్ళు షట్టరింగ్ కొట్టినవాణ్ణి, ఏ పలక ఎటు నిలబెడితే కాంక్రీటు కారదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. జుమ్మా నమాజు ముగిసి, ఖమరుద్దీన్ హోటల్ షట్టర్ సగం ఎత్తాడో లేదో వంగి దూరి వచ్చి ఈ మూల టేబుల్ పట్టుకున్నాను. పదకొండేళ్ళ నుంచీ ప్రతి శుక్రవారం ఇది నా టేబులే. మస్కట్ పక్కన ఈ అల్ హైల్‌లో నా రూమ్ మూడుసార్లు మారింది గాని ఈ టేబుల్ మారలేదు. కాకపోతే ఎప్పుడూ కిటికీ వైపు మొహం పెట్టి కూర్చుంటాను, ఫోన్లో మొహం మంచిగా పడాలని. ఇవాళ అటుది ఇటు చేశాను. ఖమరుద్దీన్ నీళ్ళ సీసా పెట్టబోయి ఆగాడు. అతనిది నిజామాబాద్, నాది జగిత్యాల పక్కన పల్లె, మా మధ్య తెలుగే నడుస్తుంది. "ఏందన్నా, ఇయ్యాల ఉల్టా కూసున్నవ్?" అన్నాడు. "మీ వదిన ఈడికి అత్తంది. ఆమెకు కిటికీ అగుపడాలె" అన్నాను. నా కుడిచేతి కట్టు వంక చూశాడు, నా మొహం వంక చూశాడు, శుభ్రంగా ఉన్న టేబుల్‌నే ఇంకోసారి తుడిచి వెళ్ళాడు. ఈ కట్టు లోపల ఏముందో తెలిసినవాడు అతనొక్కడే.

కట్టు బాగానే కుదిరింది. ఆ చేతికి చూపుడువేలూ నడిమివేలూ రెండో కణుపు నుంచి పైకి లేవు, రంపం మిషన్ కింద పోయి ఏడు నెలలైంది, కానీ కట్టు చూస్తే ఐదు వేళ్ళూ ఉన్నట్టే ఉంటుంది. ఉండదా మరి, చెక్కింది ఎవరు? సైట్లో పారేసిన రీపర్ చెక్క ముక్క తెచ్చి, ఎడమచేతి వేళ్ళు కొలుచుకుని, నాలుగు సాయంత్రాలు రూమ్ మెట్ల మీద కూర్చుని రెండు చెక్క వేళ్ళు చెక్కాను, అదీ ఎడమచేత్తో. గోరు వంపు కూడా తీశాను. లోపల ఉండేదానికి గోరెందుకురా అని నన్ను నేనే తిట్టుకున్నాను, అయినా పని చేతిలో పడితే సగంలో వదలడం నాకు రాదు. మొదళ్ళకు ఆనించి, దూది పెట్టి, పైన గుడ్డ చుట్టేసరికి ఎవరైనా సరే 'అయ్యో, ఏమైంది చేతికి' అనాల్సిందే తప్ప 'అయ్యో, వేళ్ళేవి' అనరు. అడిగితే గోరుచుట్టు అంటాను. గోరుచుట్టుకు ఎవరూ ఏడవరు. అబద్ధమాడితే అతికినట్టుండాలని మా అవ్వ అనేది, నా అబద్ధానికి కీలు కూడా కనబడదు.

పక్క టేబుల్‌కు ఒక కుటుంబం వచ్చింది. మనవాళ్ళే, మాట గోదావరి పక్క మాట. భార్య, భర్త, పదేళ్ళ పిల్లాడు, వాడికంటే పెద్దదైన ఆడపిల్ల. నలుగురి చేతుల్లో నాలుగు ఫోన్లు. కూర్చోగానే ఆ తల్లి చెయ్యి చాపింది. "ఇటివ్వండి అన్నీ. అన్నం తినేటప్పుడు ఎవరూ ముట్టుకోకూడదు" అంది. నాలుగూ తీసుకుని టేబుల్ నడుమ బోర్లా పెట్టి వాటి మీద మెనూ అట్ట కప్పింది. ఆయన చెయ్యి అప్పుడే రెండుసార్లు అట్ట దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది, పాపం. ఇంతలో ఆ పిల్ల నా వైపు చూపించి, "మరి ఆ అంకుల్ ఫోన్ ఎదురుగా పెట్టుకునే కూర్చున్నారుగా మమ్మీ" అంది. "స్నిగ్ధా, వేలు చూపించకు. ఆయన ఒక్కరే ఉన్నారు కదమ్మా, పోనీలే" అంది ఆవిడ. అప్పుడు చూసుకున్నాను. నాకు తెలియకుండానే నీళ్ళ సీసాకు ఆనించి ఫోన్ నిలబెట్టి ఉంచాను. తెర నల్లగా ఉంది. ఎదుటి కుర్చీ దాని వెనక సగం కనబడకుండా పోయింది. యాదవ్వ వచ్చి కూర్చోవాల్సిన కుర్చీకి అడ్డంగా, యాదవ్వను చూసే ఫోన్. నవ్వొచ్చింది, తీసి పక్కన పెట్టాను.

ఒక్కణ్ణట. ఆవిడకేం తెలుసు. పదకొండేళ్ళలో ఒక్క శుక్రవారం నేను ఒంటరిగా తినలేదు. ఇక్కడ నమాజు అయ్యి హోటల్ తెరిచేసరికి అక్కడ మా ఊళ్ళో మూడు కావస్తుంది. ఊరంతా తిని పడుకునే వేళకు నా భార్య బడిలో పిల్లలకు వండిపెట్టి వచ్చి, ఉన్న ఆకలినంతా ఆపుకుని, పళ్ళెం ముందు పెట్టుకుని ఫోన్ మోగడం కోసం కూర్చుని ఉండేది. నేను ఫోన్‌ను సీసాకు ఆనించేవాణ్ణి, ఆమె చింతపండు డబ్బాకు ఆనించేది. మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "ఇగో, ఇనవడ్తందా? అగుపడ్తన్ననా?" ఇనవడ్తంది, అగుపడ్తన్నవ్ అనేవాణ్ణి. "పల్లెం సూపియ్యి" అనేది. చూపించేవాణ్ణి, తనదీ చూపించేది. నా దాంట్లో ముక్కలెన్ని, ఆమె దాంట్లో పప్పెంత, ఒకరిది ఒకరు చూసుకున్నాకే ముద్ద పెట్టుకునేవాళ్ళం. మా బిడ్డ సంధ్య పెద్దమనిషైన సంగతి, నర్సింగ్‌లో సీటొచ్చిన సంగతి, మా అవ్వ పోయిన సంగతి, అన్నీ ఈ ఉప్పు డబ్బా పక్కనే విన్నాను. అవ్వ పోయినరోజు పళ్ళెం తోసేశాను. "తిను, నువ్వు తింటెనే నేను తింట" అని ఆమె అక్కడ ఏడుస్తూ కూర్చుంది, నేను ఇక్కడ ఏడుస్తూ తిన్నాను. చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు, ఫోన్ చూస్తూ తింటున్నాడు మొరటు మనిషి అనుకుంటారు. అనుకోనీ.

నడిమి టేబుల్ దగ్గర ముగ్గురు ఒమానీలు ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. ఇద్దరు ముసలివాళ్ళు, ఒక కుర్రవాడు. కుర్రవాడు ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మాట్లాడుతూనే కుడిచేత్తో అన్నం తీసుకుంటున్నాడు. పెద్దాయన మాంసం ముక్క ఒక్కొక్కటీ తుంచి కుర్రవాడి వైపుకు జరుపుతున్నాడు. అతను చూడట్లేదు, అయినా తింటున్నాడు. ముసలాయన కూడా చూడాలని అనుకుంటున్నట్టు లేదు. మా పెళ్ళిలో బువ్వబంతికి మా ఇద్దరినీ ఇలాగే ఒక పళ్ళెం ముందు కూర్చోబెట్టారు. నా చెయ్యి పెద్దది, అప్పటికే వడ్రంగం చేసి మొద్దుబారిన చెయ్యి, ఒక్క పిడికిట్లో సగం బువ్వ లేచిపోయింది. ఆమె వాళ్ళ మేనత్త చెవిలో, "ఈయన చెయ్యా, చాటనా" అంది. అందరికీ వినబడింది. పందిరంతా నవ్వింది. ఆమె తల వంచుకుంది గాని నాకైతే గర్వంగానే అనిపించింది. ఆ రాత్రి నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టింది, సరిగ్గా ఐదే ఉన్నయా అని. ఇప్పుడు లెక్కపెడితే ఏమంటుంది? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా చెయ్యి దానంతటదే వీపు వెనక్కి పోతుంది. సిగ్గు. ఇంకో పేరు దానికి లేదు. తెగినప్పటి నొప్పి నెల రోజుల్లో పోయింది, ఇది మాత్రం పోలేదు.

మొదట్లో నిజంగానే చెప్పాలనుకున్నాను. ఆస్పత్రి నుంచి రాగానే రెండు శుక్రవారాలు కెమెరా ఖరాబైందని చెప్పి ఉత్త మాటలే మాట్లాడాను. మూడోవారం చెప్తా, నాలుగోవారం చెప్తా అనుకున్నాను. చెప్తే వచ్చెయ్యమంటుంది. వెళ్తే ఊళ్ళో షట్టరింగ్ లచ్చన్న చెయ్యి పోయి వచ్చాడంటారు. ఇక్కడ కంపెనీ నన్ను తీసెయ్యలేదు, స్టోర్లో కూర్చోబెట్టింది, ఎవడు ఏ సామాను తీసుకెళ్ళాడో రాసుకునే పని. యాదవ్వకు ప్రమోషన్ అని చెప్పాను. ఏసీ కింద డ్యూటీ, చొక్కా మాయదు అని కూడా చెప్పాను. "మంచిగైంది, ఇగ ఎండల నిలబడవ్" అంది. అంతే, అడగాల్సింది అడగలేదు, చెప్పాల్సింది చెప్పలేదు, అలా ఏడు నెలలు గడిచాయి.

కాని తినడం ఎలా? ఎడమచేత్తో అన్నం ముట్టుకుంటే మా అవ్వ తొడపాశం పెట్టేది. యాదవ్వ చూస్తే కొంప మునుగుతుంది. కెమెరా మళ్ళీ పెట్టిన మొదటివారం ఖమరుద్దీన్ పరోటా చింపి పెడితే ఫోన్‌కు అందకుండా తిన్నాను. రెండోవారమే దొరికింది ఉపాయం. ఫోన్ తెర మూలన చిన్న డబ్బాలో మన బొమ్మ మనకే పడుతుంది కదా. ఎడమచేత్తో ముద్ద తీసుకుంటూ అటు చూశాను. ఆ డబ్బాలోని లచ్చన్న కుడిచేత్తో తింటున్నాడు. అద్దంలో చూసుకున్నట్టే, ఇక్కడ ఎడమ ఎత్తితే అక్కడివాడు కుడి ఎత్తుతాడు. నేను గట్టిగా నవ్వానట, ఖమరుద్దీన్ పరుగెత్తుకొచ్చాడు. ఇంకేం కావాలి, నా ఎడమ ఆమెకు కుడి. ఏ ఇంజనీరు చెప్పాడు ఇది, నేనే పట్టాను. అప్పట్నుంచి ధైర్యంగా, కెమెరా ఎదురుగానే, తీరిగ్గా ఎడమచేత్తో తిన్నాను. కుడిచెయ్యి తొడ మీద పెట్టుకునేవాణ్ణి. ఏడు నెలల్లో ఆమె కన్నుకు ఏమీ చిక్కలేదు. ముద్ద జారిపడ్డప్పుడు మాత్రం, "నిమ్మలంగ తిను, ఎవలు తరుముతన్నరు" అనేది. అంతే.

కానీ టేబుల్‌కు అటు పక్క కూర్చున్న మనిషికి ఏ అద్దమూ అడ్డం ఉండదు. ఆమె వస్తానంటుందని నేను అనుకోలేదు. నాలుగు నెలల కింద నా సెలవు రావాల్సింది, స్టోర్ పని కొత్త, ఇప్పుడే వదలరు అని వాయిదా వేశాను. కాసేపు అన్నం కెలికింది. తర్వాత, "నువ్వు రాకుంటె నేనే అత్త" అంది. నేను నవ్వాను. నేను నవ్విన పని ఆమె చెయ్యకుండా ఉండదు, అది నాకు తెలిసి ఉండాల్సింది. బడిలో మేడం చెల్లెలి స్నేహితురాలెవరో ఈ దేశంలోనే ఇబ్రా అనే ఊళ్ళో ఉంటుందట, పేరు మంగతాయారు, వండిపెట్టి ఇల్లు చూసుకునే మనిషి కావాలందట. రెండు నెలల్లో కాగితాలన్నీ చేయించుకుంది. గల్ఫ్ గాలి తగిలింది దీనికి, నాలుగు రాళ్ళు తనూ వెనకేద్దామనుకుంది అని నేను అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. విమానం దిగిన రోజు డ్యూటీ అని వెళ్ళలేదు. మొదటి శుక్రవారం అర్జెంట్ లోడ్ వచ్చిందన్నాను. రెండో శుక్రవారం ఫోర్‌మన్ పిలిచాడన్నాను. ఇద్దరం ఒకే దేశంలో, రెండు గంటల దారి దూరంలో కూర్చుని, రెండువారాలూ ఫోన్లోనే పళ్ళేలు చూపించుకున్నాం. మూడోవారం ఆమె నన్ను ఏమీ అడగలేదు. "శుక్రారం మంగతాయారు మేడమోల్లు మస్కట్ అత్తన్నరు. నన్ను నువ్వు తినే హోటల్ కాడ దింపుతరు. లొకేషన్ పంపు" అంది. పంపాను. పంపకపోతే ఏం చెప్తాను?

ఒంటిగంటా నలభై. ఫోన్ మెరిసింది. 'బిద్‌బిద్ దాటినం' అని గొంతు మెసేజ్ పెట్టింది. ఆమె పంపి అరగంట అయిందట, నాకు ఇప్పుడు అందింది. అంటే ఈపాటికి ఇటు సీబ్ వైపు తిరిగి ఉంటారు. నా ఎడమ బొటనవేలు దానంతటదే అక్షరాలు వెతకడం మొదలుపెట్టింది. 'సైట్ల పిలిచిన్రు, పోతన్న, ఖమరుద్దీన్ నీకు అన్నం పెడ్తడు.' రాసింది చూస్తూ కూర్చున్నాను. నొక్కితే అయిపోతుంది. వెనక తలుపు నుంచి వీధిలోకి, వీధి నుంచి రూమ్‌కు. ఇంకోవారం గడుస్తుంది. ఎదురుగా ఉన్న మనిషి నుంచి తప్పించుకోవడం ఇంత కష్టం, ఫోన్లో ఉన్న మనిషి నుంచి అంత తేలిక. కట్ అయితంది, నెట్‌వర్క్ లేదు, చార్జింగ్ అయిపోతంది, అంటే చాలు. ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. చెయ్యికేమైనా దెబ్బ తాకిందా అని ఒకసారి అడిగితే అప్పుడూ కట్ అయితంది అనే అన్నాను. అడిగిందా? అవును, ఒకసారి అడిగింది, వానాకాలంలో. ఆ మాట ఎలా మర్చిపోయాను? పక్క టేబుల్ ఆయన చెయ్యి మెనూ అట్ట కిందికి దూరింది. పిల్లాడు చూసి, "డాడీ" అన్నాడు, ఆయన తీసేశాడు. నేనూ రాసిందంతా చెరిపేశాను. లచ్చన్న పారిపోయే రకం కాదు. కట్టు ఉంది, గోరుచుట్టు ఉంది, చెంచా ఉంది. బిర్యానీ చెంచాతో తినడం ఇక్కడ పెద్దమనుషుల పద్ధతి అంటాను. ఖమరుద్దీన్‌కు ముందే చెప్పి ఉంచాను, రెండు చెంచాలు తేవాలని.

తలుపు తెరుచుకుంది, వేడిగాలితో పాటు లోపలికి వచ్చింది. పొట్టిగా ఉంది. ఇన్నాళ్ళూ తెర నిండా ఉండే మనిషికి ఎత్తు ఎంతో నేను మర్చిపోయాను. చేతిలో ఒక స్టీలు డబ్బా, భుజాన సంచి, కాళ్ళకు కొత్త చెప్పులు. హోటలంతా ఒకసారి చూసింది. నా టేబుల్‌ను పట్టుకోవడానికి ఆమెకు కొంచెం సమయం పట్టింది, ఎందుకంటే పదకొండేళ్ళూ ఆమె చూసింది ఆ టేబుల్ అవతలి వైపు నుంచి కదా. నన్ను చూసింది. నేను లేవాలి, లేచాను, కుడిచెయ్యి వెనక్కి పోయింది. ఒకరినొకరం ముట్టుకోలేదు, నలుగురూ ఉన్నారు. కుర్చీ జరిపి, "ఇటు కూసో, కిటికీ అగుపడ్తది" అన్నాను. కూర్చుంది. కొబ్బరినూనె వాసన, ప్రయాణంలో చెమట వాసన వచ్చాయి. ఫోన్లో ఇవి ఉండవు. వెలుతురంతా నేను లెక్క కట్టినట్టే ఆమె మొహం మీద పడింది. అప్పుడు కనబడింది నాకు. చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. కళ్ళ కింద నలుపు. చెంప మీద నూనె చింది కాలిన మచ్చ, పాతదే, ఎప్పటిదో, నాకు తెలియదు. ఈ మచ్చ ఎప్పుడైంది, ఏ శుక్రవారం నాకు చెప్పకుండా నవ్వింది? నన్ను దాచుకోవడానికి పెట్టిన వెలుతురు ఆమెను నాకు చూపించింది.

ఆమె చెయ్యి పోయి నీళ్ళ సీసాను పక్కకు జరిపింది, అక్కడ ఫోన్ లేదని చూసి ఊరుకుంది. తర్వాత గొంతు పెద్దది చేసి, "ఇగో, ఇనవడ్తందా?" అంది. హోటలంతా తిరిగి చూసింది. పక్క టేబుల్ పిల్లలిద్దరూ కిసుక్కున నవ్వారు. యాదవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, నేనూ నవ్వాను. కట్టిన చెయ్యి టేబుల్ మీదికి వచ్చేసిందని కూడా గమనించలేదు. ఖమరుద్దీన్ బిర్యానీ తెచ్చాడు, రెండు పళ్ళేలు, రెండు చెంచాలు. "సలాం వదినా" అన్నాడు, నా వంక చూడకుండానే వెళ్ళిపోయాడు.

"గోరుచుట్టే. నాలుగు రోజులైంది. పెద్దగేం లేదు" అన్నాను. ఆమె అడగకముందే అన్నాను, అదే నా తప్పు.

"ఏ వేలుకు?"

"నడిమి వేలుకు."

తల ఊపింది. డబ్బా మూత తీసింది. ఇంటి మామిడికాయ తొక్కు, ఇబ్రా దాకా తెచ్చి ఇక్కడి దాకా మోసుకొచ్చింది. నా పళ్ళెం అంచున కొంచెం పెట్టి, చెంచా నాకి, మెల్లగా అంది. "మరి ఏడ్నెల్ల సంది ఎడమచేత్తోని ఎందుకు తింటన్నవ్?"

నాకు ముందు అర్థం కాలేదు. "ఎడమది కాదు. గది అద్దం తీర్గ అగుపడ్తది. నీకు కుడిది లెక్క" అని ఇంకా ఏదో చెప్పబోయాను.

"నీ డబ్బల నీకు అద్దం. నాకు కాదు. నాకు నువ్వు ఎట్లున్నవో గట్లనే అగుపడ్తవ్. మొదాలు నేను గూడ పరేషాన్ అయిన. బిడ్డను అడిగితే ఫోన్ వట్టి సూపిచ్చింది."

ఏడు నెలలు. ప్రతి శుక్రవారం నేను తీరిగ్గా, ధైర్యంగా, ఒక ఉపాయం కనిపెట్టిన మగవాడిలా ఎడమచేత్తో తింటుంటే ఆమె అవతల కూర్చుని చూస్తూ తన అన్నం తాను తింది. నాకు ముందు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. "మరి అడగవేందే?" అన్నాను.

"అడిగిన గదా ఒకపారి. కట్ అయితంది అన్నవ్. మళ్ళడిగితే ఫోన్ ఎత్తుడే బంద్ జేత్తవేమో అని బుగులు. శుక్రారం గూడ లేకుంటె నాకేమున్నది?" పళ్ళెంలోకి చూస్తూ అంది. తర్వాత తల ఎత్తింది. "ఎదురుంగ కూసుంటె ఎట్ల కట్ జేత్తవో సూద్దామని అచ్చిన."

ఆమె వంట చెయ్యడానికి రాలేదు, నాలుగు రాళ్ళు వెనకేసుకోవడానికీ రాలేదు. బిడ్డను హాస్టల్లో పెట్టి, బడి పని వదిలి, ఎన్నడూ ఎక్కని విమానం ఎక్కి, ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో అంట్లు తోముతూ, నా చెయ్యి చూడటానికి వచ్చింది. నేను ఆమెకు కనబడకుండా ఉండటానికి రెండు చెక్కలు చెక్కుతూ కూర్చున్నాను. ఆమె చెయ్యి చాపింది. అరచెయ్యి పైకి పెట్టి, టేబుల్ మీద. పక్కన ఆ తల్లి ఫోన్లు అడిగినప్పుడు ఇలాగే చాపింది. నేను ఇచ్చాను. కట్టు విప్పడం ఆమెకు నిమిషం పట్టలేదు, బడిలో బియ్యం మూటలు విప్పిన చేతులవి. దూది ఊడింది. రెండు చెక్క వేళ్ళు ఆమె అరచేతిలో పడ్డాయి.

ఏడుస్తుందనుకున్నాను. ఒకదాన్ని వెలుతురుకు పెట్టి తిప్పి చూసింది. గోరు వంపు మీద బొటనవేలు రాసింది. "ఎడమచేత్తోనే చెక్కినవా?" అంది. అవునన్నాను. "మంచిగ చెక్కినవ్" అంది. రెండింటినీ నా ఫోన్ పక్కన పెట్టింది. తర్వాత నా చెయ్యి దగ్గరికి లాక్కుని మిగిలిన వేళ్ళనూ మొదళ్ళనూ ఒక్కొక్కటీ ముట్టుకుంటూ పోయింది, పెళ్ళినాటి రాత్రి లెక్కపెట్టినట్టే, తొందర లేకుండా. ఏడ్చింది నేను. నలుగురూ ఉన్నారు, ఒమానీలున్నారు, పక్కన మనవాళ్ళున్నారు, ఆ పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది, అయినా ఏడ్చాను. ఖమరుద్దీన్ మాకు అడ్డంగా నిలబడి ఖాళీ టేబుల్ ఒకటి తుడవడం మొదలుపెట్టాడు.

యాదవ్వ నా పళ్ళెంలోంచి చెంచా తీసి అవతల పెట్టింది. "కలుపు" అంది.

కుడిచెయ్యి ఏడు నెలలుగా అన్నం ముట్టుకోలేదు. వేడి తగలగానే ఉలిక్కిపడింది. బొటనవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు. వాటితో ముద్ద చేసి ఎత్తాను, సగం దారిలోనే మెతుకులు టేబుల్ మీద రాలాయి. ఇంకోసారి చేశాను. "చిన్నగ జెయ్యి, నీది చాట గాదు ఇప్పుడు" అంది. ముక్కు తుడుచుకుంటూ నవ్వాను. మూడోసారి ముద్ద నిలబడింది. నోటి దాకా తెచ్చి ఆగాను, పదకొండేళ్ళ అలవాటు నాలుక మీదికి వచ్చేసింది.

"అగుపడ్తన్ననా?" అన్నాను.

"అగుపడ్తన్నవ్" అంది యాదవ్వ. "తిను, సల్లగైతంది."